సైకిల్ సందేహాలు: ఈసారి బీఎమ్‌ఎక్స్ హ్యాండిల్ సంగతులు

సెలవులు మొదలయ్యాయి కదా, వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా బీఎమ్‌ఎక్స్ అనే ఆ ఇరవై అంగుళాల చక్రాల బుల్లి సైకిళ్ల గురించే. అందులోనూ హ్యాండిల్, స్టెమ్, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు, వాటి మధ్యనుండే బేరింగుల గొడవే ఎక్కువ. గేర్ల గురించి, చెయిన్ల గురించి రాసినవాళ్లు వచ్చే సంచికదాకా ఓపిక పట్టండి. కొత్త పాఠకులకు ఒక మాట: నేను చెన్నై పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. ఇప్పుడు అయనావరంలో మా ఇంటి వరండాయే నా షెడ్డు. బేరింగు విషయంలో నాకు కాస్త చాదస్తం ఉంది, జవాబుల్లో అది బయటపడితే సర్దుకోండి.

ప్రశ్న: మా అబ్బాయికి పదమూడేళ్లు. సెకండ్ హ్యాండులో బీఎమ్‌ఎక్స్ కొనిచ్చాం. మెట్టు మీంచి దూకించినప్పుడల్లా హ్యాండిల్ కింద టక్కు టక్కుమంటోంది. వీధి చివర షాపతను పైనున్న బోల్టు బిగించాడు. తగ్గలేదు. ఇంకా గట్టిగా బిగించాడు. అయినా తగ్గలేదు. ఇప్పుడు “మర పోయేలా ఉంది, హెడ్‌సెట్ మొత్తం మార్చెయ్యాలి” అంటున్నాడు. మార్చాల్సిందేనా?
— ఒక తల్లి, వేళచ్చేరి

జవాబు: తొందరపడి మార్చకండమ్మా. హెడ్‌సెట్ అంటే ఫోర్కు గొట్టం ఫ్రేములో తిరగడానికి పైనా కిందా ఉండే బేరింగులూ, వాటి ముక్కలూ. అతను బిగించిన బోల్టు మంచిదే, బిగించిన వేళే మంచిది కాదు.

హ్యాండిల్‌ను పట్టుకుని ఉండే ముక్కను స్టెమ్ అంటాం. ఆ స్టెమ్ వెనకవైపు పక్కగా రెండు బోల్టులుంటాయి. ఫోర్కు గొట్టాన్ని స్టెమ్ గట్టిగా పట్టుకునేది ఆ రెండిటివల్లే. నెత్తిన ఉండే పెద్ద బోల్టు పని వేరు. అది స్టెమ్‌ను కిందికి నొక్కుతుంది. స్టెమ్ కిందున్న వాషర్లను, వాషర్లు బేరింగు మీది మూతైన డస్ట్ క్యాప్‌ను, డస్ట్ క్యాప్ బేరింగును నొక్కుతాయి. అలా మధ్యలో ఉన్న ఖాళీ పోతుంది. పక్క బోల్టులు రెండూ బిగిసి ఉండగా పైది తిప్పితే ఏమవుతుంది? స్టెమ్ అప్పటికే గొట్టానికి అతుక్కుని ఉంది, కిందికి జరగలేదు. మీ షాపతను పెట్టిన బలమంతా బోల్టు మర మీద పడింది తప్ప బేరింగుదాకా పోనేలేదు.

కాబట్టి ముందు పక్క బోల్టులు రెండూ వదులు చేయించండి, స్టెమ్ చేత్తో అటూ ఇటూ తిరిగేంత. తర్వాత పై బోల్టును కొంచెం కొంచెంగా, పావు చుట్టు చొప్పున తిప్పాలి. ప్రతిసారీ రెండు పరీక్షలు. హ్యాండిల్‌ను పూర్తిగా ఒక పక్కకు తిప్పి, ముందు చక్రాన్ని నేలకు అదిమి, సైకిలును ముందుకూ వెనక్కూ ఊపండి. ఊపుతున్నప్పుడు రెండో చేతి వేళ్లు డస్ట్ క్యాప్‌కీ ఫ్రేము గొట్టానికీ మధ్య సందులో పెట్టండి. కంటికి కనపడని ప్లే (లూజు కదలిక) వేలికి తెలుస్తుంది. అది పోయాక రెండో పరీక్ష: ముందు చక్రం గాల్లోకి లేపి సైకిలును కొద్దిగా పక్కకు వంచితే హ్యాండిల్ తనంతట తనే అటు వాలిపోవాలి. మధ్యలో ఆగిందంటే ఎక్కువ బిగించినట్టు. పావు చుట్టు వెనక్కి రండి.

ఇక్కడికి సరిపోయాక చక్రానికి ఎదురుగా నిలబడి, చక్రాన్ని మోకాళ్ల మధ్య పట్టుకుని స్టెమ్‌ను దానికి సూటిగా పెట్టాలి. చివర్న పక్క బోల్టులు రెండూ, ఒకటి కొంచెం, ఇంకోటి కొంచెం, మార్చి మార్చి బిగించాలి. ఎంత బిగించాలన్నది చాలా స్టెమ్‌ల మీద న్యూటన్ మీటర్లలో అచ్చువేసి ఉంటుంది. టార్క్ రెంచి ఉన్న షాపులో ఒక్కసారి ఆ అంకెకు బిగించి చూపించమనండి, మీ అబ్బాయి చెయ్యి అలవాటు పడుతుంది.

ఇంత చేసినా టక్కు పోలేదంటే అప్పుడు చూడాల్సినవి ఉన్నాయి. సెకండ్ హ్యాండు బండి అన్నారు కాబట్టి వివరంగా చెబుతున్నాను. పై బోల్టు ఊడదీసి స్టెమ్‌లోకి తొంగి చూడండి. ఫోర్కు గొట్టం పై అంచు, స్టెమ్ పై అంచుకన్నా రెండు మూడు మిల్లీమీటర్లు కిందికి ఉండాలి. రెండూ సమానంగా ఉన్నా, గొట్టమే పైకి పొడుచుకొచ్చినా పై బోల్టు టోపీ వెళ్లి గొట్టానికి తగులుతుంది, స్టెమ్‌ను నొక్కదు. పాత యజమాని వెనక బ్రేకు తీసేసి, దానితోపాటు స్టెమ్ కింద ఉండే గైరో (హ్యాండిల్ ఎంత తిప్పినా బ్రేకు కేబుల్ మెలిపడకుండా చూసే ఏర్పాటు) పళ్లేన్ని కూడా పీకేసిన బళ్లలో ఇది మామూలే. ఆ పళ్లెం మందం తగ్గింది, దాని బదులు వాషరు వెయ్యలేదు. ఒక పల్చటి స్పేసర్ పడితే సరిపోతుంది.

ఇంకోటి, పై బేరింగు మీద ఒక చీలిక ఉన్న రింగు ఉంటుంది. ఏటవాలు అంచుతో బేరింగు లోపలికి దిగి ఫోర్కు గొట్టాన్ని నట్టనడుమ పట్టి ఉంచేది అదే. చూడ్డానికి పనికిరాని ముక్కలా ఉంటుంది, అందుకే తరచూ పోతుంది. అది లేకపోయినా, తిరగేసి పెట్టినా ఎంత బిగించినా టక్కు ఆగదు. అన్నట్టు, చక్రం రిమ్మును పట్టుకుని పక్కలకు ఊపి చూడండి. అక్కడ కదిలితే లూజు హబ్బుది, ఇంతసేపూ హెడ్‌సెట్‌ను అనవసరంగా తిట్టుకున్నట్టు.

ప్రశ్న: మాది తిరువాన్మియూరు, బీచికి నాలుగు వీధుల అవతల. నా బీఎమ్‌ఎక్స్ హ్యాండిల్ నేరుగా ఉన్నప్పుడు ఏదో గుంటలో పడ్డట్టు ఆగుతోంది, తిప్పాలంటే చిన్నగా తొయ్యాలి. లూజు చేసినా అంతే. కొత్త బేరింగులు నేనే వేసుకోగలనా?
— ఇంజినీరింగ్ విద్యార్థిని

జవాబు: నిజంగా గుంటలే అమ్మాయీ. మనం ఎక్కువసేపు నేరుగానే తొక్కుతాం. హ్యాండిల్ కదలకుండా ఉన్నప్పుడే కింది నుంచి దెబ్బలన్నీ పడతాయి. బేరింగులోని గోళీలు రేసు (గోళీలు దొర్లే గాడి) మీద అవే చోట్ల కొట్టీ కొట్టీ సన్నటి గుంటలు చేస్తాయి. నేరుగా పెట్టగానే గోళీలన్నీ ఒక్కసారి వాటిలో కూర్చుంటాయి. దీనికి గ్రీజు మందు కాదు, బేరింగే మార్చాలి. ఎప్పుడూ ముందు పోయేది కిందిదే. చక్రం చిమ్మే నీళ్లూ మట్టీ దాని మీదే పడతాయి, దెబ్బా దానికే ముందు. మీ ఏరియాలో ఉప్పుగాలి దానికి తోడు.

నువ్వే వేసుకోగలవు. ఈమధ్య వచ్చే ఫ్రీస్టైల్ బీఎమ్‌ఎక్స్‌లలో ఫ్రేము తల గొట్టంలోనే బేరింగు కూర్చునే గద్దె చెక్కి ఉంటుంది. కప్పులు నొక్కే ప్రెస్సు అక్కర్లేదు. కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. వీటికి ఎక్కువగా వాడేది బయటి వ్యాసం 41.8 మిల్లీమీటర్లు, అంచులు రెండూ 45 డిగ్రీల కోత ఉన్న సీల్డు బేరింగు. కొన్ని రోడ్డు సైకిళ్లవి 41 మిల్లీమీటర్లు, వాటిలో ఒక అంచు 36 డిగ్రీలు. పక్కపక్కన పెడితే తేడా కనిపించదు, వేశాక మాత్రం లొడలొడలాడుతుంది. పాత బేరింగు మీద అంకెలు చెక్కి ఉంటాయి, తుడిచి ఫోటో తీసుకుని అదే అడుగు. జనరల్ ప్యాటర్స్ రోడ్డులో మోటారు బళ్ల బేరింగులు ఎన్నో దొరుకుతాయి కానీ, “సైజు దగ్గరగానే ఉంది” అని ఎవరైనా చదునైన అంచున్న మామూలు బేరింగు ఇస్తే తీసుకోకు. హెడ్‌సెట్‌కు పైనుంచి కిందికి పడే బరువు మొయ్యాలి, దానికి ఆ ఏటవాలు కోత ఉండి తీరాలి.

పని మొదలుపెట్టే ముందు నేల మీద పేపరు పరుచుకో. ఒక్కొక్క ముక్క తీసినప్పుడల్లా అదే వరసలో, అదే మొహం పైకి ఉండేలా పేర్చు. సగం తలనొప్పి అక్కడే పోతుంది. స్టెమ్ లాగేటప్పుడు ఒక చెయ్యి ఫోర్కు మీద ఉండాలి, లేకపోతే ఫోర్కు జారి కాలివేళ్ల మీద పడుతుంది. పాత బేరింగు పట్టుకుపోయి ఉంటే, గొట్టం అవతలి కొసనుంచి చెక్కముక్క దూర్చి, చుట్టూ తిప్పుకుంటూ మెల్లగా తట్టు. ఒకే చోట కొట్టకు. గద్దెను గుడ్డతో తుడువు, తుప్పు పొరలుంటే గీకెయ్. వేలితో తడిమితే ఎక్కడా గరుకు తగలకూడదు.

కొత్తది పెట్టేటప్పుడు బేరింగు బయటి అంచు కోత గొట్టం లోపలి వైపుకు చూడాలి, లోపలి అంచు కోత బయటి వైపుకు. కిందిదానికీ పైదానికీ ఇదే సూత్రం, ఒకటి ఇంకోదానికి అద్దంలో బొమ్మ. బొటనవేలితో నొక్కితే దిగాలి. సుత్తి అవసరమైందంటే సైజు తప్పు, లేదా తిరగేసి పెట్టావు. ఫోర్కు భుజం మీదుండే రింగు మర్చిపోకు. పాతది బాగుంటే తుడిచి అదే పెట్టుకోవచ్చు.

గ్రీజు దగ్గర పిసినారితనం వద్దు. సీల్డు బేరింగు కదా, లోపల గ్రీజు ఉందిగా అంటారు. ఆ సీలు దుమ్మును ఆపుతుంది, ఉప్పు తేమను పూర్తిగా ఆపలేదు. గద్దెకు, బేరింగు చుట్టూ, పైన డస్ట్ క్యాప్ కింద, నీళ్లకు కరగని గ్రీజు మందంగా పట్టించు. బిగించాక డస్ట్ క్యాప్ ఫ్రేముకు రాసుకుంటుంటే హెడ్‌సెట్‌తో వచ్చే కాగితంలాంటి పల్చటి వాషరొకటి చీలిక రింగు మీద వెయ్యి, సన్నటి సందు వస్తుంది. మనకు ఈశాన్య రుతుపవనం అక్టోబరులో దిగుతుంది. దానికి ముందొకసారి, డిసెంబరు వానలు వెళ్లాక ఒకసారి విప్పి చూసుకుంటే నీ బేరింగులు చాలాకాలం ఉంటాయి. మోటారు సైకిళ్ల వాటర్ సర్వీస్‌కు మాత్రం తీసుకెళ్లకు. ఆ ప్రెషర్ పైపు హెడ్‌సెట్ మీద పెట్టారంటే ఉన్న గ్రీజు కొట్టుకుపోయి నీళ్లు లోపలికి పోతాయి.

ప్రశ్న: కొంచెం ఎత్తునుంచి దిగితే చాలు, హ్యాండిల్ ముందుకు తిరిగిపోతోంది. బోల్టులు ప్రాణం పెట్టి బిగించాను.
— అంబత్తూరు నుంచి ఒక కుర్రాడు

జవాబు: ప్రాణం పెట్టడం ఆపు తమ్ముడూ. మొదట స్టెమ్ ముందువైపు హ్యాండిల్‌ను అదిమిపట్టే పలక తీసి చూడు, హ్యాండిల్‌కూ స్టెమ్‌కూ మధ్య గ్రీజు గాని నూనె గాని ఉందేమో. ఎవరో ఒకరు తుప్పు పట్టకూడదని పూస్తారు. ఆ రెండూ ఒకదాన్నొకటి కరిచి పట్టుకోవాలి, అక్కడ చుక్క నూనె కూడా ఉండకూడదు. స్పిరిట్‌తో రెండు వైపులా తుడిచి ఆరనివ్వు. గ్రీజు పెట్టాల్సింది బోల్టు మరలకు. పొడి మర ఉంటే నీ బలమంతా మరలోనే ఖర్చయిపోతుంది, పట్టు రాదు.

తర్వాత నాలుగు బోల్టులు ఐమూలగా, కొంచెం కొంచెంగా బిగించు. పైనా కిందా సందు సమానంగా కనబడాలి. (పై సందు పూర్తిగా మూసెయ్యాలని చెప్పే కంపెనీలూ ఉన్నాయి, నీ స్టెమ్‌తో వచ్చిన కాగితం చూడు.) ఒక పక్క మూసుకుపోయి ఇంకో పక్క నోరు తెరుచుకుని ఉందంటే పట్టు సగమే.

ఇవన్నీ చేసినా తిరుగుతోందంటే కొలత తప్పు అయివుండొచ్చు. బీఎమ్‌ఎక్స్ హ్యాండిళ్లు చాలావరకు స్టెమ్ పట్టే చోట 22.2 మిల్లీమీటర్లు, కొన్ని 25.4. పెద్ద స్టెమ్‌లో సన్న హ్యాండిల్ పెట్టి కూల్‌డ్రింకు డబ్బా రేకు చుట్టిన బండి ఒకటి నా దగ్గరికి వచ్చింది. రేకు అయితే అందంగానే కత్తిరించాడు, దాని మీద ఎగిరేది మాత్రం మనిషి కదా! అలా చెయ్యొద్దు, సరైన స్టెమ్ కొను. అలెన్ కీ మూలలు అరిగి గుండ్రబడి ఉంటే దాన్నీ పారెయ్, బోల్టు తల పాడుచేసేది అదే. హ్యాండిల్ మీద స్టెమ్ అంచు దగ్గర వెంట్రుకంత గీత కనబడితే గోరు పెట్టి గీకి చూడు. గోరు అందులో ఆగిందంటే అది బీటే. ఇక ఆ హ్యాండిల్‌తో పని లేదు.

ప్రశ్న: గైరో ఉన్న బండి కొన్నాను. వెనక బ్రేకు, హ్యాండిల్ నేరుగా ఉంటే ఒకలా, తిప్పితే ఒకలా పట్టుకుంటోంది. పైగా గలగలా చప్పుడు. పీకేద్దామా?
— కాలేజీ విద్యార్థి, అణ్ణానగర్

జవాబు: హ్యాండిల్ గుండ్రంగా ఎన్ని చుట్లు తిప్పినా బ్రేకు కేబుల్ మెలిపడకూడదని 1980లలో వచ్చిన ఏర్పాటది. బ్రేకు లివరు నుంచి పై కేబుల్ రెండు పాయలై స్టెమ్ కింది పళ్లేనికి వస్తుంది. కిందినుంచి ఇంకో రెండు పాయలు ఫ్రేము మీది చెవుల్లోంచి వెనక బ్రేకుకు పోతాయి. మధ్యలో తల గొట్టం చుట్టూ ఒక బేరింగు చక్రం. పై సగం హ్యాండిల్‌తో తిరుగుతుంది, కింది సగం తిరగదు. రెండూ కలిసి పైకి లేస్తేనే బ్రేకు పడుతుంది.

నీ జబ్బు ఆ చక్రం వాలి ఉండటం. రెండు పాయల్లో ఒకటి పొట్టి, ఒకటి పొడుగు అయింది. కేబుల్ కొసల దగ్గర మరలున్న అడ్జస్టర్లుంటాయి, వాటి లాక్ నట్లు వదులు చెయ్యి. ముందు కింది రెండూ సమానం చెయ్యి, తర్వాత పై రెండూ. పక్కనుంచీ ముందునుంచీ చూస్తే చక్రం తల గొట్టానికి అడ్డంగా సరిసమానంగా ఉండాలి. అప్పుడు వెనక బ్రేకు దగ్గర కేబుల్ లాగి బిగించు. ఈ వరస తిరగేసి, వెనక బిగించాక గైరో సర్దడానికి కూర్చున్నావంటే సాయంత్రందాకా కూర్చుంటావు. గలగల అన్నది పై కేబుల్‌లో ఉన్న వదులువల్ల. పాత కేబుల్ అయితే లోపలి తీగ తుప్పుతో ఆడక అలా అవుతుంది, మార్చెయ్.

పీకేసే హక్కు నీకుంది. ఒకటి రెండు చుట్లకు సరిపడా పొడుగైన ఒకే కేబుల్ వేసుకుని తిరిగే కుర్రాళ్లు చాలామందే. పీకితే మాత్రం వేళచ్చేరి అమ్మగారికి రాసిన జవాబు చదువు, ఆ పళ్లెం మందానికి స్పేసర్ వెయ్యాలి. బ్రేకే లేకుండా మన రోడ్ల మీదికి రావడం గురించి నా అభిప్రాయం అడగలేదు కాబట్టి చెప్పడం లేదు. అడిగితే అచ్చు వెయ్యలేరు.

ప్రశ్న: మా తమ్ముడిది ముప్పై ఏళ్ల నాటి బీఎమ్‌ఎక్స్. హ్యాండిల్ కాడ లోపలికి దిగే రకం. తియ్యబోతే రావడం లేదు.
— తిరువళ్ళూరు పాఠకుడు

జవాబు: పై బోల్టును మొత్తం ఊడదియ్యకండి. నాలుగైదు చుట్లు మాత్రం వదులు చేసి, బోల్టు తల మీద చెక్క పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ వెయ్యండి. లోపల గొట్టాన్ని అదుముకుని ఉన్న ముక్క కిందికి జారి కాడ వదులవుతుంది. రాకపోతే నూనె చుక్కలు వేసి రాత్రంతా వదిలెయ్యండి. కొత్త కాడ కొనాల్సి వస్తే వెర్నియర్‌తో కొలవండి. పాత బీఎమ్‌ఎక్స్ కాడలు ఎక్కువగా 21.1 మిల్లీమీటర్లు, మామూలు సైకిళ్లవి 22.2. ఒకటి ఇంకోదాంట్లో దిగదు, రుద్ది దింపిన ఘనులున్నారు, వాళ్లలా చెయ్యకండి. కాడ మీద గీత గీసి ఉంటుంది, అది బయటికి కనపడేంత పైకి ఎప్పుడూ లేపకూడదు. దించేముందు గ్రీజు పుయ్యండి. ఈ రకంలో బేరింగు ప్లే సర్దేది కాడ బోల్టుతో కాదు, ఫోర్కు మీదుండే రెండు పెద్ద నట్లతో. ఒక అంగుళం గొట్టమైతే 32 స్పానరు పడుతుంది. కింది నట్టును సర్దుకుని, అది కదలకుండా పట్టుకుని పైది లాక్ చెయ్యాలి.

ప్రశ్న: గోడకు గుద్దుకుని ఫోర్కు వెనక్కి వంగింది. మా వెల్డింగ్ షాపతను వేడిచేసి నిలబెడతానంటున్నాడు.
— ఒక తండ్రి, తాంబరం

జవాబు: వద్దు. వంగిన చోట ఇనుము ఒకసారి లొంగింది, వేడిచేసి మళ్లీ వంచితే ఆ బలం రాదు. విరిగేది పిల్లాడు గాల్లో ఉన్నప్పుడో దిగేటప్పుడో. కొత్త ఫోర్కు కొనండి. కొనేముందు పాతదాని గొట్టం పొడుగు, పైన మర లోపల ఉందా లేదా రాసుకు వెళ్లండి. ఫ్రేము తల గొట్టం కింద, రెండు పైపులు కలిసే చోట పెయింటు ముడతలు పడిందేమో కూడా చూడండి. పడితే ఫ్రేము కూడా వంగినట్టే.

ప్రశ్న: హ్యాండిల్ కొసల్లో ఉండే బిరడాలు పోయాయి. లేకపోతే నష్టమా? కొత్త గ్రిప్పులు కూడా ఎక్కడం లేదు, సబ్బు నీళ్లు పెట్టొచ్చా?
— ఇద్దరు అన్నదమ్ములు, మడిపాక్కం

జవాబు: బిరడా లేని హ్యాండిల్ కొస పడ్డప్పుడు కడుపులోనో తొడలోనో గుండ్రంగా కోసేస్తుంది. బిరడాలు వచ్చేదాకా ఆ సైకిలు ఎక్కకండి, ఇద్దరూ. సబ్బు నీళ్లతో గ్రిప్పు ఎక్కుతుంది గానీ ఎప్పటికీ జారుతూనే ఉంటుంది. మీ అక్క హెయిర్ స్ప్రే గాని, మందుల షాపులో దొరికే స్పిరిట్ గాని గ్రిప్పు లోపల కొట్టి వెంటనే ఒక్క తోపులో ఎక్కించండి. స్పిరిట్ ఎగిరిపోతుంది, స్ప్రే అయితే ఆరి జిగురులా పట్టుకుంటుంది. పాతవి తియ్యడానికి సన్న స్క్రూడ్రైవరుతో అంచు లేపి అందులోకి అదే స్పిరిట్ కొద్దిగా పోసి తిప్పండి. ఎక్కించాక ఒక రాత్రి ఆరనిచ్చి పొద్దున తొక్కండి.